వేవిళ్ళ కంపు

మార్టూరు దాటాక బస్సు దిగి పత్తిచేల మధ్య మట్టిరోడ్డున నడిస్తే జొన్నపాలెం వస్తుంది. ఎండలు ముదిరే రోజుల్లో ఆ ఊళ్ళో అడుగుపెట్టిన కొత్తవాళ్ళు ముందు తుమ్ముతారు. ప్రతి వాకిట్లో మిరపకాయ ఆరబోసి ఉంటుంది. గాలి నిండా కారం. ఊరివాళ్ళు తుమ్మరు. తుమ్మేవాళ్ళని చూసి నవ్వుతారు. తమకి అలవాటైందనుకుంటారు. అది అలవాటు కాదు. ముక్కు చచ్చిపోయింది. ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళ ముక్కులూ చచ్చే ఉన్నాయి.

బాపయ్య ఇంట్లో ఒక్క కోడలు రాజ్యానికే ముక్కు బతికి ఉంది. రాజ్యం రేపల్లె అవతల వరి పండే ఊరి నుంచి వచ్చింది. కాపురానికొచ్చిన మొదటి ఏడు అందరితోపాటు కాయల కుప్ప ముందు కూర్చుని తొడిమలు తీసింది. సాయంత్రానికి ఊపిరాడక పడిపోయింది. డాక్టరు ఆ పనికి పంపొద్దన్నాడు. అత్త సుబ్బరావమ్మ పంపలేదు, కానీ ఆ మాట మర్చిపోనూ లేదు. మా కోడలికి కాయ పడదమ్మా అని వచ్చినవాళ్ళందరితో చెప్పేది. చెప్పి కాస్త ఆగేది. ఆ ఆగిన చోట రెండో మాట ఉండేది. కాయ పడదు, కాయా కాయదు. పెళ్ళై ఆరేళ్ళయింది. పిల్లల్లేరు.

ఎనభై ఆరులో, పత్తికి తెల్లదోమ కొట్టిన మరుసటి ఏడు, తీసిన నాలుగు బోరేల పత్తీ, పెద్ద గోతాల్లో తొక్కింది తొక్కినట్టే, అమ్ముడుపోక నడింట్లోనే ఉండిపోయింది. ఎలకలకి ఇంతకన్నా ఏం కావాలి? గింజ కొరుక్కు తింటాయి, దూదిలో పడుకుంటాయి. సుబ్బరావమ్మ ఎలకల మందు తెప్పించింది. బియ్యప్పిండిలో కలిపి, వేరుశనగ నూనె పోసి ఉండలు చేసి, గోడల వారన పెట్టింది. మందు తిన్న ఎలకకి దాహమేస్తుందనీ, నీళ్ళ కోసం బయటికి పోయి అక్కడే చస్తుందనీ, ఇంట్లో చావదనీ ఆ ఊళ్ళో అందరి నమ్మకం. పొద్దున్నే కాలవ గట్టున, తూము దగ్గర చచ్చిన ఎలకలు కనపడ్డాయి కూడా. సుబ్బరావమ్మ వాటిని తోకపట్టి దిబ్బలో విసిరేస్తూ తన మందు గురించి గొప్పగా చెప్పుకుంది. బయటికి రాని వాటి గురించి ఎవరూ ఆలోచించలేదు.

నడింటి పక్క గదిలో రాజ్యం, ఆమె మొగుడు బుల్లయ్య పడుకుంటారు. ఆ గదికి బాపయ్య దాచేపల్లి నుంచి నాపరాళ్ళు తెప్పించి పరిపించాడు. రాళ్ళ కింద ఇసక. ఇసకలో ఏం తవ్వుకుంటున్నాయో పైనున్న మనుషులకి తెలీదు.

మొదటిరోజు వాసన తీపిగా వచ్చింది, మగ్గిపోయిన అరటిపండులాగా. చచ్చినదాని వాసన మొదట్లో అట్లాగే వస్తుంది. రెండోరోజుకి తీపి పోయింది. రాజ్యం మొగుడికి చెప్పింది. బుల్లయ్య గది మధ్యలో నిలబడి గట్టిగా గాలి పీల్చి ఏమీ లేదన్నాడు. మీసాలు రాకముందు నుంచీ పత్తికి మందు కొడుతున్నవాడు. డ్రమ్ములో పురుగుమందు పోసి కర్రతో కలుపుతూ ఆ ఆవిరి పీల్చినవాడు. అతని పక్కన కిరసనాయిలు ఒలికినా చెప్పులు తడిస్తే తప్ప తెలీదు. బాపయ్యని అడిగితే ఆయన చుట్ట నోట్లోంచి తియ్యకుండానే లేదని తల ఊపాడు.

ఇక అత్త. సుబ్బరావమ్మ వచ్చింది. నాలుగు మూలలూ వంగి చూసింది. పత్తి వాసనేమో అంది. కాదు, ఏదో చచ్చిందని రాజ్యం అనేసరికి ఆమెకి కోపం వచ్చింది. అది తన మందు మీద పడ్డ నింద అనుకుంది.

"నేను పెట్టిన మందుకి ఇంట్లో చావదు. నీ ముక్కులో ఏమన్నా చచ్చిందేమో చూసుకో."

వాకిట్లో తొడిమలు తీసే ఆడకూలీలు కిసుక్కున నవ్వారు. 

ఆ తర్వాత రెండు మూడు రోజులు ఆమె తనకి తెలిసినవన్నీ చేసింది. సాంబ్రాణి వేసింది. వేపాకు కాల్చి పొగ పెట్టింది. బకెట్లో ఫినాయిలు కలిపి రాళ్ళన్నీ తుడిచింది. కర్పూరం ముద్ద కట్టి మంచం కోడుకి వేలాడదీసింది. పొగ ఉన్నంతసేపు పొగ వాసన, పొగ పోయాక అదే కంపు. పైగా ఇప్పుడు దానికి సాంబ్రాణి కూడా తోడైంది. పొగ దేన్నీ తియ్యదు, కాసేపు కప్పిపెడుతుంది. అసలుది అడుగున ఉన్నంతకాలం పైన ఎన్ని పూలు చల్లినా ఇంతే. ఇది రాజ్యానికి తెలుసు. రాయి లేపాలని తెలుసు. కానీ ఇంట్లో ఎవరికీ లేని కంపు కోసం మామగారు పరిపించిన రాళ్ళు లేపే కోడలు ఏ ఇంట్లో ఉంటుంది?

ఆ వారంలోనే ఒక పొద్దున గంజి వారుస్తూ ఆమె వాంతి చేసుకుంది. రాత్రంతా ఆ గదిలో పడుకుని, నోటితో గాలి పీల్చి, కడుపులో తిప్పుతూ లేచిన మనిషి. గంజి ఆవిరి తగలగానే పెరట్లోకి పరిగెత్తింది. వెనక సుబ్బరావమ్మ వచ్చింది. తిట్టడానికే వచ్చింది. వచ్చి, కోడలు గోడకి ఆనుకుని వగర్చటం చూసి, ఆగిపోయింది. 

"ఎప్పుడు చేరావే బయట?" అని మెల్లగా అడిగింది.

రాజ్యం వేళ్ళ మీద లెక్కేసుకుంది. దాటింది. అంతకుముందు కూడా ఒకటి రెండుసార్లు అట్లా దాటి వచ్చింది. ఎండకో, దిగులుకో ఆలస్యమయ్యేది. అదంతా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. దాటింది అని ఒక్క మాట అంది.

అంతే. సుబ్బరావమ్మ మొహం మారిపోయింది. ఆరేళ్ళలో రాజ్యం ఆ మొహాన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు. అత్త ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. మంచినీళ్ళు తనే ముంచి ఇచ్చింది. లేని కంపు వస్తుందంటే అప్పుడే అనుకోవలసింది, నా మతి మండా అని తనని తనే తిట్టుకుంది. తాను బుల్లయ్యని మోసినప్పుడు తాలింపు వాసనకే పడిపోయేదట. పక్కింటావిడకి మూడు నెలలూ మంచి గంధం కూడా మురుగు కంపు కొట్టిందట. వేవిళ్ళంటే అంతే, ఉన్న వాసన ఒకటికి పది, లేని వాసన కొత్తగా.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. బాపయ్య కోడలు నీళ్ళోసుకుందంట.

పేడ ఎత్తే పని పోయింది. నీళ్ళు మోసే పని పోయింది. పచ్చి మామిడికాయలు వచ్చాయి. బుల్లయ్య చిలకలూరిపేట నుంచి బత్తాయిలు తెచ్చి, ఇవ్వటానికి సిగ్గుపడి, సంచి గూట్లో పెట్టి పోయాడు. తొడిమలు తీసే కూలీల్లో రెబ్కా అనే ఆమె నోటి దురుసు మనిషి, ఆ వాకిట్లో రాజ్యంతో మనసిచ్చి మాట్లాడేది ఆమె ఒక్కతే. మగపిల్లోడైతే నాకు చీర పెట్టాలి చిన్నమ్మగారూ, ఆడపిల్లైతే జాకెట్టు గుడ్డ చాలు అంది. ఆడపిల్లకి తక్కువెందుకని రాజ్యం అడిగింది. మన బతుకులకి అదే ఎక్కువ అంది రెబ్కా. అందరూ నవ్వారు. ఆ నవ్వులో రాజ్యం కూడా ఉంది. ఆ వాకిట్లో అందరి నవ్వులో ఆమె కలవటం అదే మొదటిసారి.

ఒక్కటే తిరకాసు. వేవిళ్ళ మనిషికి గాలి తగలకూడదని సుబ్బరావమ్మ ఆ గది కిటికీ మూయించింది. రోజంతా అందులోనే పడుకోమంది.

కంపు రోజురోజుకీ చిక్కబడింది. ఇప్పుడు రాజ్యం ఆ మాట ఎవరితోనూ అనటం లేదు. అంతకుముందు తన మాట ఒక్కరైనా నమ్మాలని కొట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎవరూ నమ్మకూడదని కోరుకుంటోంది. ఈ కంపు బయటిది కాకూడదు. నాలోంచే రావాలి. పొద్దున్నే కళ్ళు తెరవకముందు గాలి పీల్చి చూసుకునేది. కంపు ఉంటే, కడుపు ఉంది అనుకునేది. లోపల ఇంకో గొంతు, ఏదో చచ్చింది అనేది. ఆ గొంతు నోరు తనే నొక్కేసేది.

మూల రాళ్ళ సందులో ఈగలు ముసురుతున్నాయి. నీలంగా మెరిసే పెద్ద ఈగలు. రాజ్యం చూసింది. చూసి, తన ట్రంకుపెట్టె లాక్కొచ్చి ఆ సందు మీద పెట్టింది.

కబురందుకుని ఆమె తల్లి అచ్చమ్మ వచ్చింది. బస్సులు మారి, నెత్తిన సున్నుండల డబ్బాతో నడిచి వచ్చింది. వీధిలో నాలుగుసార్లు తుమ్మి లోపలికి అడుగుపెట్టింది. నడిల్లు దాటి కూతురి గది గుమ్మంలో ఆగింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

రాజ్యం మంచం మీంచి లేచి తల్లి మణికట్టు పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. గేదెల కొట్టం వెనక దాకా పోయాక గానీ వదల్లేదు.

"ఏందే ఆ కంపు? శవం పక్కన పడుకున్నట్టు పడుకున్నావేందే?"

"అనమాక అమ్మా. ఆ మాట ఇంట్లో అనమాక."

అచ్చమ్మకి అర్థం కాలేదు. రాజ్యం చెప్పింది. మొదట్నుంచీ చెప్పింది. వాసన, నవ్వులు, వాంతి, దాటిన నెల. అచ్చమ్మ అంతా వింది. ఎలక చచ్చినంతమాత్రాన కడుపు లేదని కాదుగా, రెండూ ఉండొచ్చుగా అంది. ఉండొచ్చు అంది రాజ్యం. అయినా అత్తకి, ఊరికి ఉన్న రుజువు ఆ కంపొక్కటే. లేని కంపు వచ్చింది కాబట్టి కడుపుతో ఉంది. ఉన్న కంపే వచ్చిందంటే ఇక తన దగ్గర ఏముంది?

"నీకూ రావట్లేదని చెప్పు. ఒక్కపూట."

మధ్యాహ్నం భోజనాలు నడింట్లో వడ్డించారు. గది తలుపు బార్లా తీసే ఉంది. అచ్చమ్మ విస్తరి ముందు కూర్చుంది. సుబ్బరావమ్మ దగ్గరుండి వడ్డిస్తూ, మా కోడలికి వేవిళ్ళు ఎట్లా వచ్చాయో తెలుసా వదినా అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. చెప్పి, నవ్వుతూ అడిగింది.

"కొత్తగా వచ్చినదానివి, నువ్వు చెప్పొదినా. నీకేమన్నా కంపు కొడతందా?"

అచ్చమ్మ నోట్లో ముద్ద ఉంది. మింగింది. ఆ ముద్ద దిగటం రాజ్యం గుమ్మం దగ్గర నిలబడి చూసింది. తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"లేదొదినా. ఆవకాయ వాసన తప్ప ఏం రావట్లా. ఘాటుగా ఉంది నీ ఆవకాయ."

సుబ్బరావమ్మ పొంగిపోయి ఇంకో ముక్క వేసింది. అచ్చమ్మ పెట్టినదంతా తినింది. ఒక్క మెతుకు వదల్లేదు. సాయంత్రం బస్సుకి పోతూ కూతురితో ఒకటే మాట అంది. నీకోసం అన్నాను గానీ, నన్ను రెండోసారి అనిపించమాక. వీధి చివర వేపచెట్టు దగ్గర ఆమె ఆగి, వంగి, తిన్నదంతా కక్కుకోవటం రాజ్యం అరుగు మీంచి చూసింది.

ఇక ఆ ఇంట్లో అనుమానం లేదు. వరి ఊరి మనిషి కూడా లేదని చెప్పింది. కన్నతల్లి కన్నా సాక్ష్యం ఏముంది?

తర్వాత నాలుగో రోజో అయిదో రోజో పొద్దున్నే రాజ్యం బయట చేరింది.

దొడ్డి వైపు పోయినప్పుడు చూసుకుంది. ఎవరికీ చెప్పకుండా పిడకల గూడు వెనక కూర్చుండిపోయింది. వాకిట్లోంచి ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. కాయలు రాశి పోసిన చప్పుడు. అత్త ఎవరితోనో చెబుతోంది, శ్రీమంతానికి ఎవరెవర్ని పిలవాలో.

ఆమెకి ఏడుపు రాలేదు. ముందు ఒక ఉపాయం వచ్చింది. నిలబడలేదు, పోయింది అంటే సరిపోతుంది. ఎవరు కాదంటారు? ఎత్తుబరువేదో ఎత్తింది, జారిపోయింది అంటారు. జాలిపడతారు. అత్త వేడినీళ్ళు కాచి పోస్తుంది. అంతకంటే పెద్ద లాభం ఇంకోటుంది. ఒకసారి పడి పోయిన కడుపు కూడా ఒక కడుపే. కాయా కాయదన్న మాట ఆ ఊళ్ళో ఇక ఎవరూ అనలేరు. ఆరేళ్ళ మాటలు ఒక్క అబద్ధంతో చెరిగిపోతాయి. ఊళ్ళో ఆడవాళ్ళు ఇట్లాంటి అబద్ధాలు ఆడతారు. ఆడక బతకలేకే ఆడతారు. వాళ్ళని తప్పుపట్టేవాళ్ళు ముందు ఆ ఇళ్ళలో కోడళ్ళుగా ఉండి చూడాలి.

ఆమె లేవబోయింది కూడా. మొహం ఎట్లా పెట్టుకోవాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో అనుకుంది. అంతలో గాలి తిరిగింది. మూసి ఉన్న గది కిటికీ చెక్కల సందులోంచి ఆ కంపు ఇక్కడిదాకా వచ్చి తగిలింది.

పోయిందని చెబితే బాలింతకి పడకేసినట్టు తనకి పడక ఎక్కడ వేస్తారు? ఆ గదిలోనే. కిటికీ మూసే వేస్తారు. ఆ రాయి మీదే. దాని మీద పడుకుని కంపు లేదని తను కూడా అనాలి. ఇప్పటికే అంటోంది. ఈగలు చూసి పెట్టె జరిపింది. కన్నతల్లి చేత కూడా అనిపించింది, ఆమె పోతూ పోతూ చెట్టు కింద కక్కుకుంది. మరికొన్నాళ్ళు ఇట్లాగే అంటే తన ముక్కు కూడా నమ్ముతుంది. కారం అక్కర్లేదు, పురుగుమందు అక్కర్లేదు. వచ్చినదాన్ని రాలేదని అనుకుంటూ పోతే చాలు, అదే చస్తుంది.

ఆ ఇంట్లో తను అన్న మాటల్లో నిజమని రుజువు కాగలిగింది ఒక్కటే ఉంది. కంపు కొడుతోంది అన్న మాట. దాన్ని కూడా పాతిపెట్టి ఇక దేని మీద నిలబడాలి?

కొట్టంలో గునపం, పార ఉన్నాయి. తీసుకుంది. బయట చేరిన మనిషి ఇంట్లోకి పోకూడదు. పెరటి తలుపు తోసుకుని లోపలికే పోయింది. వంటింట్లోంచి, నడింట్లోంచి, దేవుడి గూటి ముందునుంచి పోయింది. ట్రంకుపెట్టె పక్కకి తన్నింది. ఈగలు గుప్పున లేచాయి. రాళ్ళ సందులో గునపం మొన దూర్చి మీద వాలింది.

రాయి లేచేసరికి ఆమెకి ఒక్క క్షణం కళ్ళు కనపడలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఇసకలో పెద్ద బొరియ. బొరియ నిండా వాళ్ళ పత్తే, గింజ తీసేసిన దూది, పరుపులాగా పరుచుకుని ఉంది. అందులో పందికొక్కు. పిల్లి అంత ఉంది. ఉబ్బి పగిలింది. నీళ్ళ కోసం బయటికి పోలేదు. తన ఇంట్లో తను పడుకుని చచ్చింది.

పారతో దూదితో సహా ఎత్తింది. అట్లాగే పట్టుకుని నడింట్లోంచి వాకిట్లోకి వచ్చి, కాయల రాశికి దూరంగా మట్టిలో దించింది.

ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అరుగు మీద గాజుల మలారం విప్పుతున్న మీరా హుస్సేన్ గబుక్కున తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అతను చిలకలూరిపేట నుంచి ఊరూరా తిరిగే మనిషి, ఇంట్లో శుభం ఉందని విని వచ్చాడు. ముందు దాన్ని పూడ్చండి తల్లీ, తర్వాత వస్తాను అని మలారం భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

రాజ్యం పార కింద పెట్టింది.

"నేను బయట చేరాను అత్తయ్యా."

సుబ్బరావమ్మకి ఆ మాట ఎక్కటానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక కూడా ముందు నోటికొచ్చింది ఆచారమే.

"మరి లోపలికెందుకు పోయావే?"

"దీన్ని తీసుకురాటానికి."

"ఊరంతా చెప్పుకున్నా గదే. ఇంటింటికీ పోయి చెప్పుకున్నా."

"నేను చెప్పమన్లేదు. నేను కంపు కొడతందన్నా. అదొక్కటే అన్నా."

 బాపయ్య అరుగు మీద చుట్ట పట్టుకుని నిలబడ్డాడు, కిందికి దిగలేదు. ఊరి బయట పల్లె నుంచి జక్రయ్యని పిలిచి దాన్ని తీయించండి అన్నాడు, చచ్చినవి ఎత్తటం ఆ పల్లెవాళ్ళ పనైనట్టు. తీయటం అయిపోయింది మావయ్యా అంది రాజ్యం.

సుబ్బరావమ్మ పందికొక్కుని చూస్తోంది. పగిలిన పొట్ట, పురుగులు, ఈగలు. కంటికి కనపడుతున్నది చూస్తూనే, చుట్టూ ఉన్నవాళ్ళతో అంది.

"దీనికి కంపెక్కడుందమ్మా?"

వాదం కోసం అన్న మాట కాదు. నిజంగానే అడిగింది. అడిగాక ఆ మాట ఆమెకే వింతగా వినపడింది. ముందుకొచ్చింది. వంగింది. గాలి పీల్చింది. ఇంకా వంగింది, మోకాళ్ళ మీద కూర్చుని, మొహం దాని మీదికి జానెడు దూరం దాకా తీసుకుపోయి పీల్చింది. రాజ్యం ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది.

"రావట్లా" అంది సుబ్బరావమ్మ.

రెబ్కా లేచి వచ్చింది. మొహానికి చుట్టుకున్న కొంగు విప్పింది. తనూ వంగింది. లేచి, సుబ్బరావమ్మ వైపు తిరిగింది.

"నాకూ తెలవట్లేదమ్మా. మాంసం వండినా ఈ మజ్జెన నోట్లో ఏసుకుందాకా తెలవట్లా. పడిశం అనుకున్నా."

తర్వాత ఇంకొకామె వచ్చింది. ఇంకొకామె. కొంగులు విప్పుకుని, ఒకరి తర్వాత ఒకరు వంగారు. ఎవరూ నవ్వలేదు. ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడవాళ్ళు, కూలీ చేసేవాళ్ళు, చేయించుకునే ఆసామి భార్య, కుళ్ళిన పందికొక్కు చుట్టూ నిలబడి వాసన కోసం చూశారు. వాళ్ళ వెనక కాయల రాశి ఎర్రగా ఉంది. ఆ రాశిలో కాయ ఒక్కటి తక్కువైతే లెక్క అడిగేవాళ్ళున్నారు. ఇన్ని ముక్కులు పోయాయి, ఎవరు అడిగారు? వాళ్ళయినా అడగలేదు. పోయిందని తెలిస్తే గదా.

సుబ్బరావమ్మ మట్టిలోనే కూర్చుంది. ఎప్పట్నుంచో అని తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడింది. పాలు మాడాయని ఆయన గిన్నె విసిరికొట్టేవాడు. మాడలేదని నేను అనేదాన్ని. పులిసిన కూర పెట్టానని నా మీద కేకలేసేవాడు. తాగొచ్చి కావాలని అంటున్నాడనుకునేదాన్ని. బుల్లిగాడు కూడా అట్లాగే అనేవాడు చిన్నప్పుడు, అమ్మా గబ్బు అని. వాడినీ కొట్టాను. తర్వాత వాళ్ళకీ పోయినట్టుంది, అనటం మానేశారు. నా వంట కుదిరిందనుకున్నా.

బాపయ్య చుట్ట ఆరిపోయింది. ఆయన దాన్ని మళ్ళీ వెలిగించలేదు.

పందికొక్కుని దిబ్బ అవతల లోతుగా గొయ్యి తీసి పూడ్చారు. బుల్లయ్య పొలం నుంచి వచ్చి విషయం విని, గునపం అందుకుని చుట్టూ ఉన్న రాళ్ళు కూడా లేపాడు. పెళ్ళాం మొహం చూడలేకపోయాడు. ఆమె కూడా చూడనివ్వలేదు. పోయింది ఏమీ లేదు, అయినా ఇద్దరికీ ఏదో పోయింది. దాని గురించి వాళ్ళు ఎప్పటికో గానీ మాట్లాడుకోరు.

తడిసిన ఇసక తట్టలతో మోసి బయట పోశారు. గుంటలో సున్నం చల్లారు. దూది కాల్చేశారు. కిటికీ తీశారు. రాజ్యం పెరటి గుమ్మం అవతల బయట కూర్చునే ఏం చెయ్యాలో చెప్పింది. ఆమె మూడు రోజులూ లోపలికి రాకూడదు. ఆచారం ఆచారమే. అత్త అన్నం తెచ్చి దూరంగానే పెట్టింది. మొహం ముడుచుకునే పెట్టింది. ఊరి ముందు తల కొట్టేసినట్టయిందన్న బాధ ఆమెకి ఒక్క పూటలో పోయేది కాదు.

సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. ఏదో విన్నాం, నిజమా అని అడిగింది. కడుపు పోయిందటగా పాపం అని కూడా అంది. ఆ అబద్ధం ఎవరూ ఆడకుండానే పుట్టి నడిచి వచ్చింది. రాజ్యం గోడ అవతలి నుంచి వింటోంది. అత్త అవునంటే చాలు, అత్త పరువూ నిలబడుతుంది, తనదీ నిలబడుతుంది.

"కడుపూ లేదు, ఏం లేదు," అంది సుబ్బరావమ్మ. "ఇంట్లో పందికొక్కు చచ్చింది. అది చెప్తానే ఉంది. మాకెవరికీ ముక్కుల్లేవు."

పక్కింటావిడ వెళ్ళిపోయింది. సుబ్బరావమ్మ గదిలోకి పోయింది. ఖాళీ గుంట పక్కన నిలబడి గాలి పీల్చింది. ఇల్లు శుభ్రమైందో లేదో ఆమెకి తెలిసే దారి లేదు. కిటికీ దగ్గరికొచ్చి, పెరట్లో కూర్చున్న కోడల్ని అడిగింది.

"పోయిందా?"

రాజ్యం లేచి కిటికీ దగ్గరికొచ్చింది. ఊచల మధ్య మొహం పెట్టి తొందరపడకుండా పీల్చింది. లోపల బుల్లయ్య తట్ట చేత్తో పట్టుకుని ఆగాడు. గుమ్మంలో బాపయ్య ఆగాడు.

"ఇంకా ఉంది," అంది. "ఆ గోడ వార."

"ఇంకో రాయి లేపరా," అంది సుబ్బరావమ్మ కొడుకుతో.